ఎర్ర సిలువ మీద నల్ల ముద్ర

అనగా అనగా, రాజుల కత్తులు తుప్పుపట్టి తపాలా బంట్రోతుల సంచులు బరువెక్కిన కాలంలో, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట ఒక చిన్న ఊరుండేది. చుట్టూ ఊళ్లన్నీ ఇంగ్లీషువారి ఏలుబడిలో ఉంటే ఈ ఒక్క ఊరు పరాసులది. పరాసులంటే ఫ్రెంచివారు. వారి జెండా వేరు, వారి నాణెం వేరు, వారి తపాలా బిళ్ళ వేరు.

కాలం తిరిగింది. జెండా దిగింది. దొరలు ఓడెక్కి వెళ్లిపోయారు. బిళ్ళలు మాత్రం పాత ఉత్తరాల మీద, ట్రంకుపెట్టెల అడుగున మిగిలిపోయాయి.

ఆ ఊరి ఏటిగట్టు మీద అనాథ బాలికల శరణాలయం ఉంది. అందులో ముప్ఫైయొక్క మంది పిల్లలు. వాళ్లకు కుట్టుపని నేర్పే ఆవిడ పేరు నూకరత్నం. ఆమె కూడా అక్కడే పెరిగింది. జుట్టు నెరిసినా నడుం వంగలేదు. వంకర కుట్టు వేసిన పిల్లను తిట్టదు, కొట్టదు, కుట్టు విప్పించి మళ్లీ వేయిస్తుంది. నూరోసారి వంకరపోతే నూటొకటోసారి విప్పిస్తుంది.

ఆమెకు ఒక్కటే సరదా. పాత పరాసు బిళ్ళలు ఏరి దాచడం. అన్నీ కాదు, పుణ్యం బిళ్ళలు మాత్రమే.

పుణ్యం బిళ్ళ అంటే ఏమిటో చెబుతాను, వినండి. మొదటి పెద్ద యుద్ధం నాడు పరాసులు ఒక పద్ధతి పెట్టారు. పది సాంతీముల బిళ్ళ మీద ఎర్ర రంగుతో చిన్న సిలువ, దాని పక్కన ఐదు అంకె అచ్చువేశారు. సాంతీములంటే వారి చిల్లర డబ్బులు. ఆ బిళ్ళ కొనేవాడు పదిహేను ఇవ్వాలి. పది, ఉత్తరం మోసినందుకు. ఐదు, యుద్ధంలో గాయపడ్డవాళ్ల కట్లకూ మందులకూ. ఇష్టం ఉన్నవాడు కొన్నాడు. లేనివాడు మామూలు బిళ్ళే అంటించుకున్నాడు. బలవంతం లేదు.

నూకరత్నం తండ్రి తవిటయ్య పడవ నడిపేవాడు. పరాసుల ఓడెక్కి ఆ యుద్ధానికి వెళ్లాడు. తిరిగి రాలేదు. ఆ దేశపు ఆసుపత్రిలో ఒక నర్సమ్మ అతనికి మూడు వారాలు కట్లు కట్టి, అతను కన్నుమూశాక ఇంటికి ఉత్తరం రాసింది. ఆ కవరు మీద తన సొంత డబ్బుతో పుణ్యం బిళ్ళ అంటించింది. లోపలి ఉత్తరం ఒక ఏటి వరదలో పోయింది. కవరు దక్కింది. దాని మీద నీలి సిరాతో తవిటయ్య పేరు, ఊరి పేరు ఉన్నాయి. లోకంలో ఆ మనిషి పేరు రాసి ఉన్న కాగితం అదొక్కటే. ఆయన మరో కాగితం మీద వేలిముద్ర తప్ప వేసి ఎరగడు.

ఆ కవరుతో మొదలుపెట్టి నూకరత్నం నలభై ఏళ్లలో పందొమ్మిది పుణ్యం బిళ్ళలు కూడబెట్టింది. పాదరీల చెత్తబుట్టల్లో కొన్ని, చిత్తుకాగితాల కొట్లలో కొన్ని, వెళ్లిపోయే దొరసానులు ఇచ్చినవి కొన్ని. వాటిని ఒక బిస్కట్ల డబ్బాలో దాచుకుంది. ఆ డబ్బా తెరవడానికి ఆమె పెట్టిన నియమాలు మూడు. చేతులు కడిగి, తుడుచుకుని, ఆరనివ్వాలి. వేళ్లతో కాక చిన్న పట్టకారుతో ఎత్తాలి. కవరు మీదున్న బిళ్ళకు ఎన్నడూ తడి తగలనివ్వకూడదు. ఈ మూడో నియమం కోసం ఆమె వానాకాలం నాలుగు నెలలూ డబ్బా మూతే తీసేది కాదు. ఊళ్లో అందరికీ ఈ సంగతి తెలుసు. కొందరు నవ్వుకునేవారు కూడా.

ఇలా ఉండగా, శరణాలయానికి ధర్మకర్తగా ఉన్న పెద్దాయన వారసులు లేకుండా పోయారు. ఊరి పెద్దలు ముగ్గురు కూర్చుని ఒక మాట అనుకున్నారు. ఏ ఇంట దానధర్మాలు అందరికంటే ముందునుంచీ ఉన్నాయో ఆ ఇంటివారికే ఆ పదవి ఇద్దాం, ఎవరి దగ్గర ఏ ఆధారం ఉందో తీసుకురమ్మందాం అని.

ఆ మాట విని ముందుగా లేచినవాడు సర్వారాయుడు. కలప అడితి యజమాని. ఏటి పొడుగునా అతని దుంగలే. శరణాలయం గట్టు దగ్గర ఏరు లోతు, దుంగల తెప్పలు సరాసరి ఒడ్డెక్కుతాయి. ఆ స్థలం మీద అతనికి పదేళ్లుగా కన్నుంది. ధర్మకర్త అయితే పిల్లల్ని ఊరి చివర ఉప్పు కొటార్ల షెడ్డుకు మార్చి, ఇక్కడ కోతమిషను పెట్టాలని అతని ఆలోచన. ఈ ఆలోచన అతను దాచుకోనూ లేదు. షెడ్డులో గాలి బాగా వస్తుందని అందరికీ చెప్పాడు. గాలితోపాటు పోటు నీళ్లు కూడా వస్తాయని చెప్పలేదు.

సర్వారాయుడు తాత కూడా కలప వ్యాపారే. ఆ యుద్ధకాలంలో టేకు కోసం రంగూన్‌లోని తన అడితికి ఉత్తరాలు రాసేవాడు. ఆ కవర్లు నలభై దాకా తిరిగి ఇంటికే చేరి అటక మీద ఉన్నాయి. అన్నింటికీ మామూలు బిళ్ళలే. ఆ తాత అదనంగా ఐదు సాంతీములు ఇచ్చే మనిషి కాడు.

మనవడు ఏం చేశాడంటే, చిన్న సిలువ, ఐదు అంకె ఉన్న రబ్బరు ముద్ర ఒకటి చేయించాడు. ఎర్ర సిరా మెత్త మీద అద్ది నలభై బిళ్ళల మీదా వేశాడు. తాతను దానశీలిని చేసి, కవర్లు తోలు అట్టల ఆల్బంలో పెట్టాడు.

అయితే అందులో ఒక చిక్కుంది. పెద్దలు అతని ఆల్బం చూసి, మాకు బిళ్ళల సంగతి తెలియదు, ఇవి అసలైనవని నూకరత్నం సంతకం పెడితే మాకు చాలు అన్నారు.

మర్నాడు పొద్దున్నే సర్వారాయుడు శరణాలయానికి వచ్చాడు. వెనక ఇద్దరు కూలీలు టేకు బీరువా మోసుకొచ్చారు. అద్దాల తలుపులు, ఇత్తడి పిడులు, లోపల బిళ్ళల కోసమే చేయించిన సన్నని అరలు. రేకు డబ్బా ఉప్పుగాలికి తుప్పుపడుతుంది, ఇది నీకే అన్నాడు. ఆల్బం, కలం ఆమె ముందు పెట్టాడు.

నూకరత్నం బీరువా వైపు చూసింది. చూడలేదంటే అబద్ధం. ఆ డబ్బాకు తుప్పు పడుతుందేమోనని ఆమె పడని భయం లేదు. కానీ ముందు చేతులు కడుక్కుంది, తుడుచుకుంది, ఆరబెట్టుకుంది. భూతద్దం తీసి మొదటి కవరు చూసింది. రెండోది చూసింది. మూడోది చూసి భూతద్దం కింద పెట్టింది.

"రాయుడు గారండి, తపాలా వాళ్ల నల్ల ముద్ర ఎప్పుడు పడుతుందండి?"

ఉత్తరం డబ్బాలో వేశాక అన్నాడు అతను.

"మరి ఎర్ర సిలువ?"

బిళ్ళ అమ్మకముందే, అచ్చులోనే అన్నాడు.

"అంటే సిలువ కిందుండాలి. నల్ల ముద్ర దాని పైనుండాలి. మీ తాతగారి కవర్ల మీద ఎర్రది పైకెక్కి కూర్చుందండి."

సర్వారాయుడు ఆల్బం తనవైపు లాక్కుని చూశాడు. ఆ తప్పు అతనిలాంటివాడు తప్ప మరొకడు చేయడు. అడితిలో దుంగ మీద ముందు అడవి శాఖవారి గుర్తు పడుతుంది, ఆ తర్వాత బండివాడిది, అన్నింటికీ పైన కొన్నవాడి ముద్ర. ఆఖరి ముద్ర ఎవరిదో దుంగ వాడిదే. పుట్టినప్పటినుంచీ అదే చూసినవాడు బిళ్ళ మీద కూడా తన ముద్రను అన్నింటికీ పైనే వేశాడు.

అతను నవ్వేశాడు.

"భూతద్దం పెడితే కదా కనపడేది. ఊళ్లో భూతద్దం ఉన్నది నీ ఒక్కదాని దగ్గరే, రత్నమ్మా."

"అందుకే నన్ను అడిగారండి," అంది నూకరత్నం. బీరువా తీసుకుపొమ్మని కూలీలకు చెప్పింది. సంతకం పెట్టలేదు.

మూడు రోజులు గడిచాయి. శరణాలయం వంట అంతా రంపపు పొట్టు పొయ్యిల మీదే. ఆ పొట్టు సర్వారాయుడి అడితి నుంచే ఊరికే వచ్చేది. పారబోసేది ఎవరు పట్టుకుపోతే ఏమని అతని తండ్రి నాటినుంచీ అలా జరుగుతోంది. నాలుగో రోజు పొట్టు బస్తాలు రాలేదు. కనుక్కోవడానికి వెళ్లిన వంటమనిషి మరియమ్మతో గుమాస్తా, పొట్టు ఇకనుంచి ఇటుకబట్టీకి పోతుంది, మీ కుట్టు టీచరమ్మ కలం పట్టిన రోజున మళ్లీ వస్తుంది అని చెప్పి పంపాడు.

అవి వానలు వెనకపట్టిన రోజులు. మరియమ్మ పచ్చి కొబ్బరి మట్టలతో పొయ్యి రాజేసింది. వంటిల్లు పొగతో నిండింది. అన్నం సగం ఉడికింది, పప్పు ఉడకనే లేదు. పిల్లలు కళ్లు నులుముకుంటూ తిన్నారు. రెండో రోజూ అంతే. మూడో రోజు మరియమ్మ గరిటె పట్టుకునే కుట్టుగదిలోకి వచ్చింది.

"ఒక గీత గీసేస్తే పోయేదానికి పిల్లల్ని ఏడిపిస్తున్నావు అక్కా. ఎవరి తాత దానం చేస్తే మనకేంటి? చేయకపోతే మనకేంటి? నాకు కావాల్సింది పొట్టు."

నూకరత్నం చేతిలో గుడ్డ ఒళ్లో పెట్టుకుంది. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. పొగకు ఎర్రబడ్డ ముప్ఫైయొక్క జతల కళ్లు ఆమె ముందున్నాయి. తన పట్టుదలకు తాను పస్తుండగలదు. పిల్లల్ని పస్తుంచే హక్కు తనకెక్కడిది? ఆ మధ్యాహ్నం ఆమె చేతిలో కుట్టు మొదటిసారి వంకరపోయింది.

వంకరపోయిన కుట్టును ఆమె విప్పింది. విప్పుతూ ఆలోచించింది. ఈ రోజు పొట్టు కోసం సంతకం పెడితే, ఆ సంతకంతోనే రేపు ఇల్లు పోతుంది. ఉప్పు కొటార్ల షెడ్డులో పొయ్యి వెలిగించడానికి పొట్టు ఉన్నా పొడినేల ఉండదు.

ఆమె లేచి కొంగు బిగించింది. పెద్దపిల్లల్ని వెంటబెట్టుకుని సముద్రం ఒడ్డు సరుగుడు తోటలకు నడిచింది. రాలిన సరుగుడాకు తుక్కు గోనెల్లో కూరి తలమీద మోసుకొచ్చారు. అందరికంటే పెద్ద గోనె నూకరత్నానిదే. సరుగుడు తుక్కు గుప్పున మండి చప్పున ఆరిపోతుంది. మరియమ్మ పొయ్యి ముందు నుంచి కదలకుండా గుప్పెడు గుప్పెడు వేస్తూనే ఉండాలి. సణుగుతూనే వేసింది. ఆ రోజు పప్పు ఉడికింది.

మరియమ్మ ఆ సాయంత్రం అడితి ముందునుంచే నడిచి వెళ్లింది. పొట్టు మీ ఇటుకలకే వాడుకోండి, మా పప్పు మెత్తగా ఉడికిందని మీ అయ్యగారికి చెప్పు అని గుమాస్తాకు వినిపించేలా అని మరీ వచ్చింది.

ఇక పెద్దలు కూర్చునే రోజు వచ్చింది. శరణాలయం వరండాలోనే సభ. ముగ్గురిలో పెద్ద, న్యాయాధికారిగా చేసి విరమించిన సోమసుందరం గారు. పుదుచ్చేరి మనిషి. తెలుగు నెమ్మదిగా, ఒక్కొక్క మాట చూసుకుని మాట్లాడతారు. ఊరంతా వచ్చింది. సర్వారాయుడు ఆల్బంతోపాటు ఒక కాగితం కూడా తెచ్చాడు. పట్నంలో బిళ్ళల వ్యాపారి ఒకడు ఇవి అసలైనవని రాసి ఇచ్చిన కాగితం. ఈమె ఒక్కతే కాదంటోంది, ఆ పదవి మీద ఈమెకే ఆశ ఉందేమో, కుట్టుపని చేసుకునే ఆడమనిషి మాట నిజమా, పట్నం వ్యాపారి మాట నిజమా తేల్చమన్నాడు.

నూకరత్నం నిలబడి తాను చూసింది చెప్పింది. అందరికీ తెలిసేలా చెప్పింది.

"వాకిట్లో ముగ్గు వేశాక ఎవరైనా నడిస్తే అడుగు ముగ్గు మీద పడుతుంది. నడిచిపోయాక ముగ్గు వేస్తే ముగ్గు అడుగు మీద పడుతుంది. ఏది ముందో ఏది తర్వాతో చూస్తే తెలుస్తుంది. ఈ ఉత్తరాలు రంగూన్ వెళ్లి వచ్చి, అటకెక్కి, తాతగారు పోయాక, అప్పుడు వీటి మీద దానం జరిగిందండి."

జనంలో నవ్వులు లేచాయి. భూతద్దం పెద్దల చేతుల్లో తిరిగింది. ఒకాయన ఎర్రది పైనుందన్నాడు. ఇంకొకాయన నల్లది పైనుందేమో అన్నాడు. సోమసుందరం గారి కళ్లకు పొరలొచ్చాయి, ఆయనకు రెండూ ఒక్కటిగానే కనిపించాయి. కళ్లతో తేలకపోతే మరో దారి ఉందా అని ఆయన అడిగారు.

ఉందండి, నీళ్లు అంది నూకరత్నం. అచ్చుయంత్రం మీద పడిన రంగు నీళ్లకు పోదు. తపాలా వాళ్ల నల్ల ముద్ర నూనె సిరాది, అదీ పోదు. మెత్త మీద అద్ది వేసిన రబ్బరు ముద్ర సిరా పోతుంది.

సర్వారాయుడు తడుముకోలేదు. ఊరందరికీ తెలిసిన సంగతి అతనికీ తెలుసు.

"సరే. ముందు నీ నాన్న కవరు ముంచు. అందరూ చూస్తుండగా ముంచు. నీ సిలువ నిలిస్తే నావి నేనే ముంచుతాను."

మిగతా పద్దెనిమిది బిళ్ళలూ కవర్ల నుంచి విడిపోయి వచ్చినవే, వాటిని ముంచవచ్చు కదా అని ఎవరో అన్నారు. వాటిని ఎక్కడ ఏరుకుందో ఎవరికి తెలుసు, ఊరు నమ్మే కవరు అదొక్కటే, అదే ముంచాలన్నాడు సర్వారాయుడు. అతని ముఖంలో ధీమా కనిపిస్తోంది. వానాకాలం మూత కూడా తీయని మనిషి కవరు నీళ్లలో ముంచుతుందా?

నూకరత్నం లోపలికి వెళ్లింది. చేతులు కడుక్కుంది, తుడుచుకుంది, ఆరనిచ్చింది. డబ్బాతోనూ, నీళ్లు పోసిన తెల్ల పింగాణీ పళ్లెంతోనూ వచ్చింది. కవరును పట్టకారుతో ఎత్తి పట్టుకుంది. నీలి సిరాతో ఉన్న పేరును పైనుంచి కింది దాకా ఒకసారి చదువుకుంది. దానికి తడి తగలనివ్వకూడదన్నది నలభై ఏళ్లుగా తనకు తాను పెట్టుకున్న నియమం. పెద్దలెవరూ దాన్ని తప్పమనలేదు. వద్దని లోపలికి వెళ్లిపోయినా తప్పు పట్టేవారు లేరు.

"మా నాన్నకు కట్టు కట్టిన చేతులు ఈ బిళ్ళ కొన్నాయి," అంది. "వీళ్ల తాత ఆ చేతుల పక్కన కూర్చోవడానికి నేను ఒప్పుకోను."

కవరును నీళ్లలో ఉంచింది.

ముందుగా నీలిరంగు కదిలింది. తవిటయ్య పేరు పొగలా సాగి, ఊరి పేరుతో కలిసి, పళ్లెమంతా లేత నీలంగా మారింది. నూకరత్నం కళ్లు తిప్పుకోలేదు. నూరు లెక్కపెట్టేదాకా అలాగే ఉంచి పైకి తీసింది. కవరు మీద ఇప్పుడు ఒక్క అక్షరం లేదు. మూలన బిళ్ళ ఉంది. బిళ్ళ మీద ఎర్ర సిలువ, సిలువ మీద నల్ల ముద్ర, దేనికది చెక్కు చెదరకుండా ఉన్నాయి.

సోమసుందరం గారు సర్వారాయుడి వైపు తిరిగారు. అతను ఈ కవర్లు మా ఇంటి ఆస్తి, తడిస్తే పాడవుతాయి అన్నాడు. ఆమెది కూడా ఆస్తేనయ్యా, మాట నీది అన్నారు ఆయన. పళ్లెంలో కొత్త నీళ్లు పోయించి, ఆల్బంలోంచి మొదటి కవరు తన చేత్తోనే తీసి వేశారు. లెక్క పది దాటకముందే నీళ్లు ఎర్రబడ్డాయి. సిలువ కరిగి కొట్టుకుపోయింది. దాని కింద, గీత కూడా చెదరకుండా, గుండ్రంగా నల్ల ముద్ర తేలింది. రెండో కవరు వేశారు. అంతే. మూడో కవరు వేసేసరికి సర్వారాయుడు కుర్చీలో లేడు. తోలు ఆల్బం మాత్రం బల్ల మీదే ఉంది.

ధర్మకర్తగా నువ్వే ఉండమ్మా అని పెద్దలు ముగ్గురూ నూకరత్నాన్ని అడిగారు. పదవి మీద ఆశపడ్డానని ఇందాకే ఒకరన్నారు, ఆ మాట నిజం చేయలేను అందామె. ఎవరినైనా పెట్టండి, ఈ గట్టు పిల్లలదే అని మాత్రం రాయించండి అంది. అలాగే రాయించారు.

జనం వెళ్లిపోతున్నారు. సోమసుందరం గారు మాత్రం ఆగారు. కవరు వరండా గోడ మీద ఎండలో ఆరుతోంది. ఆయన జేబులోంచి కలం తీశారు. తడిసిన చోట నీ తండ్రి పేరు మళ్లీ రాస్తాను, చెప్పమ్మా అన్నారు. ఆ పెద్దాయన మంచి మనసుతోనే అన్నారు.

నూకరత్నం దణ్ణం పెట్టి వద్దంది.

"తర్వాత రాసింది తర్వాత రాసినట్టే కనిపిస్తుందండి. పేరు నాకు నోటికొచ్చు. రేపట్నుంచి ఈ పిల్లలకూ వస్తుంది."

మర్నాడు కుట్టుపాఠంలో ముప్ఫైయొక్క మంది పిల్లలూ తెల్లగుడ్డ మీద తవిటయ్య అని నాలుగక్షరాలు కుట్టారు. వంకరపోయినవాళ్ల చేత నూకరత్నం విప్పించి మళ్లీ కుట్టించింది.

కాబట్టి పిల్లలారా, దానం ముందు జరగాలి, దాని ముద్ర తర్వాత పడాలి. ముద్ర కోసం తర్వాత పులిమిన దానం మొదటి నీళ్లకే కరిగిపోతుంది.